హరలంపి రెండో దారి

పేరు పండుగకి ఎవరూ ఎవరినీ పిలవరు. ఏ సాధువు పేరు పెట్టుకుంటే ఆ సాధువు రోజున ఆ మనిషి ఇంటి తలుపు తీసే ఉంటుంది, గుర్తున్నవాళ్ళు వెళ్తారు, బల్ల మీద ఉన్నది తింటారు, అంతే. పుట్టినరోజుకి వెళ్ళకపోతే ఏదో పని పడిందేమో అని సరిపెట్టుకుంటారు. పేరు పండుగకి ఎగ్గొడితే మాత్రం మనసులో ఏదో పెట్టుకున్నావనే అనుకుంటారు.

నెవెన మనసులో నిజంగానే ఒకటుంది. అందుకే ఫిబ్రవరి పదో తారీకు, హరలంపి సాధువు పండుగ పూట, పొద్దున్న ఎనిమిదింటి బస్సులో సోఫియా నుంచి ప్లోవ్‌దివ్‌కి బయల్దేరిందే గాని, ఒళ్ళో చాక్లెట్ల డబ్బా పెట్టుకుని, వెనక్కి తిరిగిపోవడానికి ఏదైనా సాకు దొరక్కపోతుందా అని దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూనే ఉంది. మంచు పడలేదు. రోడ్డు మూసెయ్యలేదు. బస్సు చెడిపోలేదు. మనం చేరకూడదనుకున్న రోజునే బస్సులు భలే నడుస్తాయి.

పజార్జిక్ దాటుతుంటే రోడ్డు పక్క పొలంలో సాగునీటి గొట్టాలు గుట్టగా పడి ఉన్నాయి. వాటి పక్కన మట్టి తవ్వే పసుపు యంత్రం ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. నెవెన తల తిప్పేసుకుంది. పన్నెండు రోజుల కిందట ఆ యంత్రమే కాలవ తవ్వుతూ నేలలో ఉన్న ఇంకో గొట్టాన్ని తెంపింది. దాంట్లో రెండు కేబుళ్ళున్నాయి. ఆ రెండూ ఒకే గొట్టంలో ఉండకూడదు. ఉన్నాయని ఇద్దరికే తెలుసు, అందులో ఒకతె నెవెన.

ఇదేమిటో అర్థం కావాలంటే ముందు ఆమె ఉద్యోగం సంగతి చెప్పాలి. నెవెన పనిచేసే కంపెనీకి సొంతంగా గజం తీగ కూడా లేదు. అయినా ముప్పై దేశాల్లో ఫ్యాక్టరీలకీ గిడ్డంగులకీ లైన్లు నడిపిస్తుంది. ఏ దేశంలో ఏ టెలికాం కంపెనీ దగ్గర మంచి లైన్ ఉందో చూసి, వాళ్ళ దగ్గర తీసుకుని, ఒకదానికొకటి ముడేసి, "ఇక మీకేం కావాలన్నా మమ్మల్నే అడగండి" అని ఫ్యాక్టరీవాళ్ళకి మాటిస్తుంది. ఒక రకంగా పెళ్ళిళ్ళ పేరయ్య పని. రెండు పక్షాలకీ కోపం రాకూడదు, ఏ పక్షం దగ్గరా మాట పోకూడదు. పదకొండేళ్ళుగా నెవెన ఆ పనిలో మంచి పేరు తెచ్చుకుంది. పేరు అంటూ ఒకటి వచ్చాక దాన్ని కాపాడుకోవడానికి మనిషి ఎంతకి దిగజారగలదో అప్పటికింకా ఆమెకి తెలీదు.

ఆమె చూసుకునే ఫ్యాక్టరీల్లో ఒకటి ప్లోవ్‌దివ్ శివార్లలో ఉంది. కార్ల సీట్లకి తొడుగులు కుడతారు. ఏ రంగు తొడుగు, ఏ కుట్టు, ఏ వరసలో కావాలో జర్మనీ నుంచి గంట గంటకీ కబురొస్తుంది. ఆ వరసలోనే కుట్టి ఆ వరసలోనే లారీకెక్కించాలి. కబురు రాకపోతే నాలుగొందల మంది ఆడవాళ్ళు మిషన్ల ముందు చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే.

అక్కడి నెట్‌వర్క్ అంతా చూసేది హరలంపి. అరవై మూడేళ్ళ మనిషి. చెవుల దాకా పాకిన తెల్లటి మీసం. అందరికీ లంబో, నెవెనకి లంబో బాబాయ్. రెండేళ్ళ కిందట రెండో లైన్ కావాలని యజమానులతో యుద్ధం చేసింది ఆయనే. ఉన్నది బాగానే ఉందిగా, ఇంకోటెందుకని వాళ్ళు. "ఒకటి తెగితే ఇంకోటుండాలి. వేరే కంపెనీది కావాలి, వేరే దారిన రావాలి. మొదటిది దక్షిణాన పజార్జిక్ మీదుగా వస్తోంది కాబట్టి రెండోది ఉత్తరాన కార్లొవో మీదుగా రావాలి. సోఫియాలో బయల్దేరిన రెండు దారులూ మళ్ళీ మన గేటు దగ్గరే కలవాలి. మధ్యలో ఎక్కడైనా కలిసాయంటే ఈ మీసం తీసేస్తా!" అని బోర్డు గదిలో బల్ల గుద్ది చెప్పాడట. మీసం మీద మాట వచ్చాక యజమానులు కూడా తగ్గారు.

ఆ రెండో లైన్ నెవెన ఓగ్నియన్ కంపెనీ దగ్గర తీసుకుంది. ఓగ్నియన్ అంటే ఓగి. టెలికాం కంపెనీలో ఆమెలాంటివాళ్ళతో బేరాలు చూసే మనిషి, నోట్లో నాలుక నిలవదు. అప్పుడు నెవెన అన్నీ పద్ధతిగానే చేసింది. రెండు కంపెనీల దారి పటాలూ తెప్పించి, కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పరిచి, ఎర్ర గీత, నీలం గీత ఎక్కడా తాకలేదని చూసింది. లంబో అంత దూరం నుంచి సోఫియా వచ్చి, కళ్ళజోడు పైకి తోసుకుని, తెర మీద వేలు పెట్టి గీతల వెంట నడిపించి మరీ చూసుకున్నాడు. "దారులు వేరు" అని సర్టిఫికెట్ రాసుకున్నారు. ప్రతి జనవరిలో మళ్ళీ చూసి, మళ్ళీ సంతకాలు పెట్టాలని నియమం.

పోయిన మార్చిలో ఓగి ఫోన్ చేశాడు.

"అక్కా, నీకో మెయిల్ వచ్చింది చూడు. కార్లొవో దగ్గర రోడ్డు వెడల్పు చేస్తున్నారు, మా కేబుల్ పీకెయ్యాలి. మూణ్ణెల్లు నీ సీట్లవాళ్ళ లైన్ దక్షిణం గొట్టంలో పడేస్తా."

"దక్షిణం గొట్టమా? మొదటి లైన్ పోయేది అందులోనేగా?"

"అందులోనే."

"నీకు మతి పోయిందా ఓగీ? రెండూ ఒకే గొట్టంలోనా?"

"మూణ్ణెల్లక్కా! మూణ్ణెల్లలో ఏం కొంపలు మునుగుతాయి? నువ్వు అభ్యంతరం రాశావనుకో, అది పైకి పోతుంది, కమిటీ వేస్తారు, నా ప్రాణం తీస్తారు. వేసవికల్లా మళ్ళీ ఉత్తరానికి మార్చేస్తా. రొట్టె మీద ఒట్టు."

టెలికాం కంపెనీలు ఏది కదిపినా ముందు నోటీసు పంపాలి. పది రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. నెవెన ఆఫీసులో వారానికి రెండొందల నోటీసులొస్తాయి. వాటికి జవాబులివ్వడాన్ని అందరూ ఈగలు తోలడం అంటారు. కానీ ఇది ఈగ కాదని ఆమెకి తెలుసు. దారి మారితే ముందు లంబోకి చెప్పాలి, ఆయన సంతకం తీసుకోవాలి. చెప్తే ఆయన ఒప్పుకోడు. ఇటు చూస్తే ఓగి. అంతకు ముందు ఆగస్టులో ఇంకెవరూ ఇవ్వలేనన్న లైన్‌ని మూడు వారాల్లో ఇప్పించి ఆమె పరువు నిలబెట్టినవాడు. ఈ ఉద్యోగంలో కాగితాల మీద నడిచేది సగమే, మిగతా సగం మొహమాటం మీద నడుస్తుంది. "సరే, మూణ్ణెల్లే. లంబో గారికి నేను చెప్తాలే" అని ఓగికి మెయిల్ కొట్టింది.

చెప్పలేదు. రేపు చెప్దాం అనుకుంది, తర్వాత మూణ్ణెల్లేగా అనుకుంది. జూన్‌లో గుర్తు చెయ్యమని ఫోన్లో పెట్టుకుంది కూడా. జూన్‌లో ఫోన్ బుద్ధిగా గుర్తు చేసింది. అప్పుడామె సోజొపొల్ బీచ్‌లో వేయించిన చేపలు తింటోంది. నూనె చేత్తోనే ఆ గంట ఆపేసింది.

ఇంత వరకూ అయితే మరుపు అని సర్దుకోవచ్చు. జనవరి పద్నాలుగున జరిగినదాన్ని ఎలా సర్దుకుంటాం? ఆ రోజు ఏటేటా పంపే కాగితం పంపాలి. నెవెన పాత ఏడాది కాగితం తీసి, తారీకు మార్చి, కింద తన పేరు పెట్టి లంబోకి పంపింది. పది నిమిషాల్లో ఫోనొచ్చింది.

"ఇదుగో, సంతకం పెట్టేస్తున్నా. చూశావా అమ్మాయ్, దారులు?"

"చూశాను బాబాయ్."

"నువ్వు చూస్తే నేను చూసినట్టే."

ఆ "చూశాను" అనేటప్పుడు ఆమెకి మార్చి నెల గుర్తుంది. గుర్తులేదని తనకి తాను ఎన్నిసార్లు చెప్పుకున్నా, గుర్తుంది. ఓగి ఈపాటికి మార్చే ఉంటాడులే అనుకుంది. ఒక్క ఫోన్ చేసి అడిగితే తేలిపోయేది. ఒకవేళ మార్చలేదంటే ఏం చెయ్యాలో తెలీక, ఆ ఫోన్ చెయ్యలేదు.

పదిహేను రోజుల తర్వాత పజార్జిక్ దగ్గర గొట్టం తెగింది. ఏడు గంటలు రెండు లైన్లూ చచ్చిపోయి ఉన్నాయి. మిషన్లు ఆగాయి, మూడు లారీలు వెళ్ళలేదు, మూడో రోజున జర్మనీలో సీట్లు లేక కార్లు నిలబడిపోయాయి. యజమానులు ఎగిరారు. ఒకే గొట్టంలోకి రెండు కేబుళ్ళూ ఎలా వచ్చాయి? ఓగి కంపెనీ "విచారిస్తున్నాం" అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంది. సోఫియాలో నెవెన పై అధికారి ప్లామెన్ ఆమె బల్ల దగ్గరికొచ్చి, "దారి మారుస్తున్నట్టు మనకేమైనా నోటీసొచ్చిందా?" అని అడిగాడు.

"వెతికాను. కనబడలేదు."

"హమ్మయ్య. అదే రాసి పంపించెయ్. జనవరి పద్నాలుగున దారులు వేరని ఫ్యాక్టరీవాళ్ళే సంతకం పెట్టారని కూడా రాయి. నిజమేగా?"

నిజమే మరి. నిజాల్ని ఒక వరసలో పేర్చి అబద్ధం చెయ్యడం ఎంత తేలికో నెవెనకి ఆ సాయంత్రం తెలిసింది. ఓగి ఫోన్ చేసి, "నీ మెయిల్ నా దగ్గరుంది, నాది నీ దగ్గరుంది. ఇద్దరం నోరు కుట్టుకుంటే ఇద్దరికీ మంచిదక్కా" అన్నాడు. వాడి గొంతులో మొదటిసారి సరదా లేదు.

ఆ రిపోర్టు చదివిన ఫ్యాక్టరీకి నింద వెయ్యడానికి ఒక్కడే మిగిలాడు. రెండో లైన్ కోసం అంత గొడవ చేసిందెవరు? లంబో. చూడకుండా సంతకం పెట్టిందెవరు? లంబో. అంటే టెలికాంవాళ్ళ దగ్గర ఏదో తిన్నాడు. ఎవరన్నారో తెలీదు గాని ఆ మాట క్యాంటీన్ దాకా పాకింది. ఆయన్ని ఇంట్లో కూర్చోమన్నారు. పన్నెండో తారీకున విచారణ. తప్పు ఆయనదేనని తేలితే తీసేస్తారు, సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరాతో రాస్తారు. పింఛనుకి ఇంకా పద్నాలుగు నెలలుంది.

ప్లోవ్‌దివ్‌లో దిగి, ఇంకో చిన్న బస్సెక్కి, కొండ కింద ఉన్న హ్రాబ్రినో చేరేసరికి పన్నెండు దాటింది. లంబో ఇంటి గేటు బార్లా తీసి ఉంది. పోయినేడు ఈపాటికి ఈ వీధిలో కారు పెట్టుకోవడానికి చోటు లేదు. ఫ్యాక్టరీవాళ్ళే ముప్పై మంది, ఒకాయన అకార్డియన్ తెచ్చాడు, కుట్టు విభాగం ఆడవాళ్ళు పెరట్లో చేతులు పట్టుకుని ఆడారు. ఇవాళ వీధిలో ఒక పిల్లి తప్ప ఎవరూ లేరు.

నెవెన గుమ్మం ఎక్కింది. ముందు గదిలో రెండు బల్లలు కలిపి తెల్ల గుడ్డ పరిచారు. ఇరవై రెండు కంచాలు. లెక్క పెట్టాలని ఆమె అనుకోలేదు, కళ్ళే లెక్కపెట్టేశాయి. మధ్యలో గుండ్రటి పండుగ రొట్టె, పొద్దున్న చర్చిలో దీవెన పట్టించుకొచ్చిన తేనె సీసాలు, క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసం, జున్ను పొరల బానిత్స, ఊరగాయలు. అన్నీ ఉన్నాయి. రొట్టె ఒక్క అంచున మాత్రం తుంచి ఉంది.

"వచ్చింది!" అని వంటింట్లోంచి లంబో గొంతు. "గింకా, నేను చెప్పలేదూ?"

ఆయన చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. నెవెన చేతిలో డబ్బా జారిపోబోయింది. మీసం లేదు. ముక్కు కింద తెల్లగా, ఎండ ఎరగని చర్మం, సున్నం కొట్టిన గోడ ముక్కలా ఉంది. సూట్ వేసుకున్నాడు, టై కట్టుకున్నాడు, మొహం మాత్రం ఇంకెవరిదో.

"పేరు పండుగ శుభాకాంక్షలు బాబాయ్" అంది. 

"అలా చూడకు తల్లీ. మాటన్నాక తియ్యాలిగా. ఈవిడకైతే తెగ నచ్చింది, పెళ్ళినాటి మొగుడు మళ్ళీ దొరికాడంటోంది."

"నేనెక్కడన్నాను?" అంటూ ఆయన భార్య గింక సూప్ గిన్నెతో వచ్చింది. "సూప్‌లో మునగదు, అదొక్కటే లాభం అన్నాను. రా తల్లీ, కూర్చో. పొద్దున్న పక్కింటి ముసలమ్మ వచ్చి ఒక ముక్క తుంచుకుపోయింది. అంతే, ఇంకెవరూ లేరు."

"ఎందుకొస్తారు?" అన్నాడు లంబో కుర్చీ లాగి. "నా ఇంట్లో తిన్నారని యజమానులకి తెలిస్తే? వాళ్ళకీ పిల్లలున్నారు. నిన్న మా ఇద్దరికీ పందెం నెవెనా. నువ్వొస్తావని నేను. బస్సు దొరకదేమోనని ఇది. తప్పు చెయ్యనివాళ్ళకి భయమెందుకే, వస్తుంది చూడు అన్నాను. వచ్చావు!"

నెవెన కూర్చుంది. ఆయన రొట్టె తుంచి తేనెలో ముంచి ఆమె చేతికిచ్చాడు. పండుగ పూట మొదటి ముక్క ఇంటాయన చేత్తోనే ఇవ్వాలి. ఆమె నోట్లో పెట్టుకుంది. 

"ఎల్లుండి ఏం చెప్తారు బాబాయ్?"

"ఏముంది చెప్పడానికి? ఒప్పేసుకుంటా. సంతకం నాది, చూడకుండా పెట్టాను."

"ఎందుకు చూడలేదని అడుగుతారు కదా" అంది గింక. "అదే పొద్దుట్నుంచీ చెప్తున్నా. నెవెన చూసిందని చెప్పు, ఆ పిల్ల చూసింది కాబట్టి పెట్టానని చెప్పు."

"చెప్పను. ఎన్నిసార్లనాలి? అలా అంటే ఈ పిల్ల మెడకి చుట్టుకుంటుంది. ఆ ఓగి కంపెనీవాళ్ళు దీనికి పాత పటమే చూపించి ఉంటారు, ఇదేం చేస్తుంది పాపం. నాదంటే అయిపోయిన సర్వీసు. దీనికింకా పాతికేళ్ళుంది." ఆయన నవ్వబోయాడు. నవ్వితే మీసం కదిలే అలవాటు, ఇప్పుడు వట్టి పెదవి కదిలింది. "తిన్నాడన్నారు చూడు, అదొక్కటే... సరే, వదిలెయ్. బానిత్స తిను, చల్లారిపోతోంది."

నెవెన ఈ రోజు వచ్చింది నిజం చెప్పడానికేనా? దారంతా తనని తాను అదే అడిగింది. రాకపోతే అనుమానపడతారనే భయం సగం ఉంది. అది ఒప్పుకోవడానికి ఇప్పుడామెకి సిగ్గేసింది. ఖాళీ కుర్చీలన్నీ తన వైపే తిరిగి ఉన్నట్టనిపించింది. కంచం పక్కకి జరిపింది.

"పాత పటం కాదు బాబాయ్" అంది. "ఈ ఏడు నాకెవరూ ఏ పటమూ చూపించలేదు. నేను చూడలేదు."

లంబో తేనె సీసా మూత బిగిస్తున్నాడు.

"మార్చిలోనే ఓగి చెప్పాడు. దారి మారుస్తున్నానని. రెండూ ఒకే గొట్టంలోకి వస్తాయని నాకు తెలుసు. మూణ్ణెల్లే అన్నాడని ఒప్పుకున్నాను. మీకు చెప్తే వద్దంటారని చెప్పలేదు. జనవరిలో పాత కాగితం మీద తారీకు మార్చి పంపాను. మెయిల్ నా దగ్గరుంది. రిపోర్టులో నోటీసు లేదని రాసింది కూడా నేనే."

 లంబో సీసాని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. లేచాడు. టై ముడి వదులు చేసుకుని, పెరటి తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. తలుపు వెయ్యలేదు, చలిగాలి లోపలికొచ్చింది.

గింక వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది.

"ఆ రోజు ఈయన పెరట్లోంచి నీకు ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. తేనెపెట్టెలకి గడ్డి కప్పుతున్నాను. చూశావా అమ్మాయ్ అనడిగాడు. చూశానన్నావా నువ్వు?"

"అన్నాను పిన్నీ."

"అప్పుడే తెలుసా?"

"తెలుసు."

గింక కళ్ళు తుడుచుకోలేదు, తిట్టలేదు. బల్ల గుడ్డ మీద రొట్టె పొడి అరచేత్తో పోగుచేస్తూ మాట్లాడింది. "మొన్న ఆదివారం అద్దం ముందు నిలబడి తీసేశాడు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఉన్న మీసం. నేను వద్దని చెయ్యి పట్టుకుంటే, మాటన్నాను గింకా, దారులు కలిసాయిగా అన్నాడు. ఆ రోజు ఏడ్చాడమ్మా. అది నీకు కనబడకూడదనే ఇందాక సూప్ అంటూ ఏదో హాస్యమాడాను గాని."

నెవెనకి ఏడవాలనిపించింది. ఏడిస్తే ఈవిడ ఓదార్చాల్సి వస్తుందేమోనని బిగబట్టుకుంది. ఇంకొకరి పరువు తీసి వాళ్ళ ఇంట్లోనే కూర్చుని ఓదార్పు కూడా తినడం ఆమెకి చేతకాలేదు. ఫోన్ తీసి, బల్ల మీద పెట్టుకుని, రాయడం మొదలుపెట్టింది. విచారణ కమిటీకి. ప్లామెన్‌కి కూడా. మార్చి నెల మెయిల్, తన జవాబు, జనవరి కాగితం, అన్నీ కింద తగిలించింది. ఓగికి ఇద్దరు పిల్లలున్నారని గుర్తొచ్చింది. వాడి మెయిల్ తీసేస్తే తన జవాబుకి అర్థం లేదు. అలాగే ఉంచింది. "తప్పు పూర్తిగా నాది, హరలంపి గారికి ఈ మార్పు సంగతి చెప్పలేదు" అన్న వాక్యం రాయడానికే అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది.

లంబో తిరిగొచ్చాడు. బూట్లకి బురద, కళ్ళు ఎర్రగా. ఫోన్ వైపు చూశాడు.

"ఏం రాస్తున్నావు?"

ఆమె ఫోన్ ఆయన ముందుకి జరిపింది. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, తెర మీద వేలు పెట్టి, లైను లైనూ చదివాడు. రెండేళ్ళ కిందట గీతల వెంట నడిపించిన వేలే అది.

"ముప్పై ఒక్క ఏళ్ళు" అన్నాడు చివరికి. "ముప్పై ఒక్క ఏళ్ళలో నన్ను దొంగన్నవాడు లేడు నెవెనా. పది రోజుల్నుంచీ బజారుకి పోవట్లేదు. రొట్టె కూడా ఇదే తెస్తోంది. పది రోజులూ నీకు తెలుసు."

"తెలుసు బాబాయ్."

"మరెలా పడుకున్నావే?"

  పడుకుంది మరి. మాత్ర వేసుకుని పడుకుంది. ఫోన్ వెనక్కి తీసుకుని పంపబోతే ఆయన చెయ్యడ్డం పెట్టాడు.

"ముందు తిను."

"వద్దు బాబాయ్, నేను..."

"పంపాక నీకు ముద్ద దిగదు. పేరు పండుగ బల్ల దగ్గర్నుంచి ఎవర్నీ ఆకలితో పంపలేదు ఇంత వరకూ. గింకా, దానికి వేడిగా ఇంకో కంచం పెట్టు."

ముగ్గురూ తిన్నారు. పంతొమ్మిది ఖాళీ కంచాల మధ్య కూర్చుని, క్యాబేజీ చుట్టలూ ఊరగాయా తిన్నారు. నెవెన ఏదీ వద్దనలేదు. వద్దనే హక్కు తనకి లేదనుకుంది. కంచం ఖాళీ అయ్యాక ఫోన్ తీసి నొక్కింది. తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది.

"ఇక్కడ పోదు" అన్నాడు లంబో లేస్తూ. "రాతి గోడలు. పెరట్లో మూడో తేనెపెట్టె దగ్గర తప్ప ఈ ఇంట్లో సిగ్నల్ లేదు. ఫ్యాక్టరీ లైన్లన్నీ చూసేవాడి ఇల్లిది. కోటేసుకో."

పెరట్లో తేనెపెట్టెలు గడ్డి కప్పుకుని చలికాలం నిద్రలో ఉన్నాయి. ఆయన ముందు నడిచాడు, ఆమె వెనక. మూడో పెట్టె దగ్గర ఆగి, ఇక్కడ అన్నట్టు చెయ్యి చూపించాడు. నెవెన ఫోన్ పైకెత్తి పట్టుకుంది.  ఇది వెళ్ళాక సోమవారం తనకి ఆఫీసు ఉండదని తెలుసు. భయమేసింది. ఇన్నాళ్ళ భయం కంటే ఈ భయం కాస్త శుభ్రంగా ఉంది. చక్రం ఆగింది.

"పోయిందా?" అన్నాడు.

"పోయింది."

ఆయన పెట్టె మీద అరచెయ్యి ఆనించి, లోపల తేనెటీగల చప్పుడు వింటున్నట్టు వంగాడు. తర్వాత ఆమె వైపు తిరక్కుండానే అడిగాడు.

"ఏ దారిన పోయిందో చూశావా అమ్మాయ్?"

"లేదు బాబాయ్" అంది నెవెన. "చూడలేదు."

లంబో లేని మీసం మీదికి చెయ్యి పోనిచ్చి, వట్టి పెదవి తడుముకున్నాడు.

"ఆ ఒక్క మాట జనవరిలో అనాల్సిందమ్మా" అన్నాడు.